పూజ ఒక్కరోజు... తుడవడం ఏడాదంతా

జంషెడ్‌పూర్‌లో సెప్టెంబర్ 17 మామూలు రోజు కాదు. ఆ రోజు విశ్వకర్మ పూజ. రోలింగ్ మిల్లు నుంచి రోడ్డుపక్క పంక్చర్ షాపు దాకా ప్రతి యంత్రానికీ స్నానం, బొట్టు, బంతిపూల దండ. ఉక్కును నమ్ముకుని బతికే ఊరు ఉక్కుకు దండం పెట్టుకునే రోజది. కొన్నేళ్ల క్రితం ఆ పూజ నేను వారాంతాల్లో పిల్లలకు పాఠాలు చెప్పే ఒక చిన్న షూటింగ్ క్లబ్బులోనూ జరిగింది. బల్ల మీద ఎర్రగుడ్డ పరిచి పాయింట్ 22 టార్గెట్ పిస్టళ్లు వరసగా పెట్టారు. పంతులుగారు వాటి మూతుల మీద పసుపు, కుంకుమ అద్దారు. కొబ్బరికాయ కొట్టి ఆ నీళ్లు భక్తిగా చిలకరించారు. పిస్టళ్లను అలాగే పెట్టెల్లో సర్ది తాళం వేశారు.

నాలుగు రోజుల తర్వాత పెట్టె తెరిస్తే ఒక పిస్టల్ మూతి చుట్టూ గోధుమరంగు చుక్కలు. గొట్టంలోకి దీపం వేసి చూస్తే లోపల కుంకుమ రేణువులు, వాటి కింద తుప్పు మొదలైన ఆనవాళ్లు. పూజ చేసినవారి భక్తిలో లోపం లేదు. పూజ తర్వాత తుడవాలని ఎవరికీ తోచలేదు, అంతే.

ఆ చుక్కలు చూసినప్పటి నుంచీ ఒక మాట రాయాలని ఉంది. దేశరక్షణ మీద మనం రాసేదంతా కొనుగోళ్ల గురించే. ఎన్ని విమానాలు, ఎన్ని ఫిరంగులు, ఎన్ని వేల కోట్లు! కొన్నదాన్ని ఎవరు, ఎలా కాపాడుతున్నారన్నది వార్త కాదు. ఆ ప్రశ్నను ఇవాళ చిటికెన వేలు కూడా దూరనంత సన్నని గొట్టం దగ్గర మొదలుపెడతాను.

ఇక పిస్టల్ పనికిరాదన్నారు

మా నాన్న శ్రీకాకుళం జిల్లా నుంచి వచ్చి ఇక్కడి మిల్లులో చేరిన తరం మనిషి. నేను కదమాలో పెరిగాను. డెహ్రాడూన్‌లోని ఇండియన్ మిలిటరీ అకాడమీలో శిక్షణ పొంది, సైన్యంలో పనిచేసి, చివరికి మళ్లీ ఈ ఊరికే చేరాను. శని, ఆదివారాలు పిల్లలతో గడుపుతాను. వాళ్లలో ఒక అమ్మాయి ఉంది. మూడు తరాల క్రితం ఇక్కడికొచ్చిన తెలుగు కుటుంబం. తండ్రి ఒక వర్క్‌షాపులో ఫిట్టర్. సొంత పిస్టల్ కొనే స్తోమత వాళ్లకు లేదు. క్లబ్బు పిస్టల్‌తోనే సాధన చేసేది.

ఒక పోటీకి ముందు రెండు నెలల్లో ఆ అమ్మాయి స్కోరు దారుణంగా పడిపోయింది. కోచ్ శ్వాస మార్చమన్నాడు, పట్టు మార్చమన్నాడు. ఇంట్లో చదువు ఒత్తిడి అనుకున్నారు. తనేమో రాత్రుళ్లు ఏడ్చేదట. పోటీలో అర్హత మార్కుకు నాలుగు పాయింట్ల దూరంలో ఆగిపోయింది. తర్వాత తండ్రి నా దగ్గరికి వచ్చి, ‘‘కల్నల్ గారూ, పిల్లకి ఇది రాని విద్యేమోనండీ, మాన్పించేద్దామనుకుంటున్నాను’’ అన్నాడు.

ఆ మాట విన్నాక నేను చేసిన మొదటి పని పిల్లను పక్కన పెట్టి పిస్టల్‌ను పరీక్షించడం. దాన్ని ఆసరా మీద కదలకుండా ఆనించి 25 మీటర్ల నుంచి 10 గుళ్లు కాల్చి చూశాం. మంచి టార్గెట్ పిస్టల్ ఆ దూరంలో గుళ్లన్నిటినీ రూపాయి బిళ్లంత చోటులో పెట్టాలి. ఇది అరచేయంత మేర చెదరగొట్టింది. మహిళల 25 మీటర్ల పోటీలో గురిచూసి నిదానంగా కాల్చే దశలో పదో వలయం అడ్డుకొలత 50 మిల్లీమీటర్లు. అంటే ఆ అమ్మాయి చెయ్యి రాయిలా నిలబడినా సగం గుళ్లు పదిలో పడవు. తప్పు గొట్టానిదైతే శిక్ష పిల్ల అనుభవించింది.

క్లబ్బులో అలాంటివి రెండు పిస్టళ్లు తేలాయి. రెండింటికీ కాలం చెల్లిందని, విదేశాల నుంచి కొత్తవి తెప్పించాలని అప్పటికే కాగితాలు సిద్ధమయ్యాయి. ఖర్చు లక్షల్లో. నేను ఒక్క వారం ఆగమన్నాను.

గొట్టంలో ఏం జరుగుతుంది?

టార్గెట్ పిస్టల్ గొట్టం పొడవు నిబంధనల ప్రకారం 153 మిల్లీమీటర్లు మించకూడదు. లోపలి వ్యాసం 5.6 మిల్లీమీటర్లు. లోపలి గోడ మీద మెలితిరిగిన గాడులుంటాయి. అదే రైఫ్లింగ్. రెండున్నర గ్రాముల సీసపు గుండు ఆ గాడుల్లో ఇరుక్కుని తిరుగుతూ, సెకనుకు కొన్ని వందల చుట్ల వేగంతో బొంగరంలా బయటికొస్తుంది. ఆ తిరుగుడే దాన్ని దారి తప్పకుండా నిలబెడుతుంది.

సైనిక రైఫిల్ గుండుకు రాగి తొడుగు ఉంటుంది. పాయింట్ 22 గుండుకు సాధారణంగా అది ఉండదు. మెత్తని సీసం, పైన పల్చగా మైనమో గ్రీజో. అందుకే దాని మకిలి వేరు. కాలిన మందు మసి, కరిగి అంటుకున్న మైనం, అరిగిన సీసపు పొర. ఇవి ముఖ్యంగా తూటా కూర్చునే ఛాంబర్ ముందుభాగంలో గట్టిపడి వలయంలా పేరుకుంటాయి. తూటా సరిగా కూర్చోదు. గుండు గాడుల్లోకి నేరుగా దిగకుండా ఒక పక్కకు ఒరిగి దిగుతుంది. లోపల జుట్టు మందం ఒరిగితే బోర్డు మీద బొటనవేలంత తేడా.

మొదటి పిస్టల్ జబ్బు ఇదే. ఎన్నేళ్లుగానో గొట్టం తుడిచిన పాపాన ఎవరూ పోలేదు. ద్రావకం తడిపిన గుడ్డముక్కలు దూర్చి, నానబెట్టి, మళ్లీ తుడిచి, ఛాంబర్ దగ్గర మాత్రం కంచు బ్రష్ వాడి రెండు సాయంత్రాలు కష్టపడ్డాం. మొదటి గుడ్డలు తారులా నల్లగా వచ్చాయి. తర్వాత బూడిదరంగులో, సీసపు తళుకులతో. చివరికి తెల్లగా. మళ్లీ ఆనించి కాల్చితే గుళ్లు రూపాయి బిళ్లంత చోటుకు తిరిగి వచ్చాయి. కొత్త పిస్టల్ అక్కర్లేదు. అయిన ఖర్చు కొన్ని వందల రూపాయలు.

రెండో పిస్టల్ కథ దీనికి పూర్తిగా తలకిందులు. దాన్ని తుడవకపోవడం కాదు, తెగ తుడిచారు. శ్రద్ధగల ఒక కుర్రాడు ప్రతి సాధన తర్వాత ఉక్కు రాడ్‌ను మూతి వైపు నుంచి దూర్చి, ముందుకీ వెనక్కీ కసిగా తోమేవాడు. గొట్టం మూతి అంచును క్రౌన్ అంటారు. గుండు పిస్టల్‌ను చివరిసారి తాకేది అక్కడే. ఆ అంచు చుట్టూ సమానంగా ఉంటే వెనకనుంచి వచ్చే వాయువు గుండును అన్ని వైపులా ఒకేలా వదులుతుంది. ఒకపక్క అరిగితే ఆ పక్కనుంచి వాయువు ముందే తప్పించుకుని గుండును తోసేస్తుంది. ఈ పిస్టల్ అంచు ఒక పక్క భూతద్దంలో స్పష్టంగా కనిపించేంత అరిగింది. దాన్ని మేం బాగుచేయలేం, చేయకూడదు కూడా. లైసెన్సు ఉన్న నిపుణుడే చేయాలి. నిర్లక్ష్యం పాలైన పిస్టల్ బతికింది. అజ్ఞానంతో సేవ చేయించుకున్న పిస్టల్ మూలపడింది.

అసలు పద్ధతి

ఈ పని నేర్పడానికి అరగంట చాలు. అయినా నేర్పేవారు తక్కువ. అందుకే కాస్త వివరంగా చెబుతాను.

మొదటిది అన్నిటికంటే ముఖ్యం. మ్యాగజైన్ తీయాలి, స్లయిడ్ వెనక్కి లాగాలి, ఛాంబర్ ఖాళీగా ఉందని కంటితో చూడాలి, పక్కవాడితోనూ చూపించాలి. తూటాలు ఆ గదిలోనే ఉండకూడదు. ‘ఖాళీదే’ అనుకున్న తుపాకులు తీసిన ప్రాణాలు తక్కువేమీ కాదు.

రెండోది దిక్కు. గుండు ఎటు వెళుతుందో గుడ్డ కూడా అటే వెళ్లాలి. అంటే ఛాంబర్ నుంచి మూతికి. అలా వీలుకాని పిస్టళ్లకు వెనకనుంచి తాడు దూర్చి మూతివైపు నిటారుగా లాగాలి. రాడ్ తప్పనిసరైతే ఇత్తడిదో, పైన మెత్తని పూత ఉన్నదో వాడాలి, గొట్టం గోడకు రాసుకోకుండా గైడ్ పెట్టాలి. బ్రష్‌ను గొట్టం మధ్యలో వెనక్కి తిప్పకూడదు. బయటికొచ్చిన మురికి గుడ్డను మళ్లీ లోపలికి లాగకూడదు.

మూడోది మోతాదు. ద్రావకం తడిపిన గుడ్డ ఒకటి రెండు, కాస్త నానే సమయం, ఆ తర్వాత పొడిగుడ్డలు. కంచు బ్రష్ అవసరం పడ్డప్పుడే. ఉక్కు బ్రష్, ఇసుక కాగితం, ఇంట్లో గిన్నెలు తోమే పీచు ఛాయలకు కూడా రాకూడదు. చివర పల్చగా నూనె పూత. మళ్లీ కాల్చేముందు ఆ నూనెను పొడిగుడ్డతో తీసేయాలి. నూనె మిగిలిన గొట్టంలో మొదటి గుళ్లు గురి తప్పుతాయి. శుభ్రం చేసిన గొట్టం కూడా నాలుగైదు గుళ్లు కాల్చాకే కుదురుకుంటుంది. కాబట్టి పోటీ ఉదయాన గొట్టాన్ని అద్దంలా తోమడం తెలివైన పని కాదు.

ఎన్ని గుళ్లకోసారి తుడవాలి? దీనిపై షూటర్లలో ఏకాభిప్రాయం లేదు. గురి చెడేదాకా గొట్టం జోలికి పోవద్దనేవారు ఉన్నారు. ప్రతిసారీ తుడవాలనేవారూ ఉన్నారు. మెత్తని సీసపు గుండు ఉక్కు గొట్టాన్ని అరగదీయడానికి వేల తూటాలు కావాలి, మొరటు రాడ్‌కు కొన్ని నెలలు చాలు. అందుకే మొదటి వర్గం వాదనలో పస ఉంది. కానీ ఆ మాట పొడి వాతావరణానికి సరిపోయినట్టు మనకు సరిపోదు. సువర్ణరేఖ, ఖర్కాయ్ నదులు కలిసేచోట ఉన్న ఈ ఊళ్లో వానాకాలం గాలి పిండితే నీళ్లొస్తాయి. మన కోస్తా జిల్లాల్లో దానికి ఉప్పు కూడా తోడు. కాబట్టి ఇక్కడ తుడవడం అంటే ప్రతిసారీ తోమడం కాదు, ప్రతిసారీ తేమ తీయడం. గట్టిగా శుభ్రం చేయాలా వద్దా అన్నది అంచనాతో కాకుండా పుస్తకం చూసి నిర్ణయించాలి. ఎన్ని గుళ్లు కాల్చారు, ఎప్పుడు తుడిచారు, గుళ్ల గుంపు ఎంత వెడల్పు ఉంది. ఈ మూడు గళ్ల పట్టిక ఉంటే గొట్టమే తన సంగతి చెబుతుంది.

సీసం గురించి కూడా ఒక హెచ్చరిక. తుడిచిన గుడ్డలో ఉండేది విషం. గుండులోనే కాదు, తూటాను మండించే మందులోనూ సాధారణంగా సీసం ఉంటుంది. ఆ మసి వేళ్లకంటి, వేళ్ల నుంచి నోటికి చేరుతుంది. ఎదిగే పిల్లలకు అది మరీ ప్రమాదం. రేంజ్‌లో తినకూడదు. తుడిచాక సబ్బుతో చేతులు కడగాలి. ఆ గుడ్డలు వంటింటి చెత్తబుట్టలో పడకూడదు. మా పిల్లలు ఒక చేత్తో సమోసా, ఇంకో చేత్తో చిందీ పట్టుకునేవారు. నేను చేసిన మొదటి సంస్కరణ ఆ సమోసాను గేటు బయటికి పంపడం.

నా తప్పు

చిందీ అన్నాను. సైన్యంలో గొట్టం తుడిచే గుడ్డముక్కను అలాగే అంటాం. దాన్ని లాగే తాడు పుల్‌త్రూ. ఆయుధాలు దాచే గది కోత్. మా తరం పాత సుబేదార్లు ఇంకో ముచ్చట చెప్పేవారు. పాయింట్ 303 రైఫిల్ రోజుల్లో కాల్చిన తర్వాత గొట్టంలో మరిగే నీళ్లు పోసేవారట. అది మూఢాచారం కాదు. అప్పటి తూటాల మందు కాలితే గొట్టంలో ఒక రకం ఉప్పు మిగిలేది. అది గాలిలో తేమను పీల్చి ఉక్కును తినేది. ఆ ఉప్పు నూనెలో కరగదు, నీటిలోనే కరుగుతుంది. అందుకే ముందు వేడినీళ్లు, ఆరాక నూనె. ప్రతి ఆచారం వెనుకా ఒక కారణం ఉంది. కారణం మరిచి ఆచారాన్ని పట్టుకుంటే ఏమవుతుందో నేనే చేసి చూపించాను.

1980లలో నేను కుర్ర కెప్టెన్‌ను. పై అధికారి తనిఖీకి వస్తున్నారు. కంపెనీని నిలబెట్టి, ‘‘ప్రతి గొట్టం అద్దంలా మెరవాలి’’ అని హుకుం జారీ చేశాను. జవాన్లు మూడు రోజులు సెల్ఫ్ లోడింగ్ రైఫిళ్ల మీద పడ్డారు. తుప్పు వదిలించడానికి నిపుణుడి అనుమతితో మాత్రమే వాడాల్సిన తీగ జాలీని కూడా పుల్‌త్రూకు చుట్టి లాగారు. తనిఖీ దివ్యంగా జరిగింది. నాకు శభాష్ దక్కింది. తర్వాతి ఫైరింగ్‌లో కొన్ని రైఫిళ్ల గురి చెదిరింది. మూతి దగ్గర గేజ్ పెట్టి చూసిన ఆర్మరర్ హవల్దారు నా ముఖం చూడకుండా, ‘‘సాబ్, ఈ గొట్టాలను తూటాలు తినలేదు, సఫాయీ తినేసింది’’ అన్నాడు.

అది మూడు రోజుల్లో జరిగిన అరుగుదల కాదు. ఏళ్ల తరబడి తాడును ఏటవాలుగా లాగడం వల్ల ఒకపక్క కోసుకుపోతూ వచ్చింది. నాలాంటివాళ్లు ఒక్కో తనిఖీకి ఒక్కో మెరుపు అడిగిన ఫలితం. నేను అడగాల్సింది మెరుపు కాదు, గురి. కంటికి కనిపించేదాన్ని కొలిచాను, యుద్ధంలో పనికొచ్చేదాన్ని కొలవలేదు. ఆ హవల్దారు మాట నాకు అకాడమీలో నేర్చిన పాఠాల కంటే గట్టిగా గుర్తుంది. మా వ్యవస్థల్లో ఇప్పటికీ తనిఖీ అంటే మెరుపే అని భయం.

చిన్న గొట్టం, పెద్ద మూల్యం

ఇది క్లబ్బుల సంగతే అయితే ఈ కాలమ్‌లో రాయను. వియత్నాం యుద్ధంలో అమెరికా తన సైనికుల చేతికి ఎం-16 రైఫిల్ ఇచ్చింది. దానికి శుభ్రం చేసే పని పెద్దగా ఉండదన్న భావన వ్యాపించింది. తుడిచే సామగ్రి, శిక్షణ సరిపడా అందలేదు. తూటా మందు మార్చారు, ఛాంబర్‌కు క్రోమ్ పూత వేయలేదు. పోరాటం మధ్యలో రైఫిళ్లు ఇరుక్కుపోయి సైనికులు చనిపోయారు. 1967లో అమెరికా కాంగ్రెస్ ఉపసంఘం విచారణ జరిపింది. తర్వాత క్రోమ్ పూత వచ్చింది, తుడిచే సామగ్రి వచ్చింది. విల్ ఐస్నర్ అనే ప్రసిద్ధ చిత్రకారుడితో బొమ్మల పుస్తకం వేయించి మరీ తుడవడం నేర్పారు.

నేర్చిన పాఠం నిలిచిందా? 2003 మార్చి 23న ఇరాక్‌లోని నసీరియాలో 507వ మెయింటెనెన్స్ కంపెనీ వాహనశ్రేణి దారి తప్పి శత్రువుల మధ్య చిక్కుకుంది. 11 మంది సైనికులు మరణించారు. చాలామంది ఆయుధాలు మొరాయించాయని, ఎడారి దుమ్ములో వ్యక్తిగత ఆయుధాల నిర్వహణ సరిపడా లేకపోవడం అందుకు కారణమై ఉండవచ్చని ఆ సైన్యం నివేదికే చెప్పింది. యూనిట్ పేరులోనే మెయింటెనెన్స్ ఉంది.

మన ఇంటి సంగతికొద్దాం. 2019 ఆగస్టులో బిహార్ మాజీ ముఖ్యమంత్రి జగన్నాథ్ మిశ్రా అంత్యక్రియలు సుపౌల్ జిల్లాలో అధికార లాంఛనాలతో జరిగాయి. గౌరవ సూచకంగా గాల్లోకి పేల్చాల్సిన పోలీసు రైఫిళ్లు 22. ఒక్కటీ పేలలేదు. లోపం తుపాకీదైనా, తూటాదైనా నిల్వ, నిర్వహణల దగ్గరికే వస్తుంది. అక్కడ పోయింది పరువు మాత్రమే. అవే చేతులు అదే జిల్లాలో సాయుధ ముఠాకు ఎదురుపడి ఉంటే?

పైకి వెళ్లే కొద్దీ అంకె పెరుగుతుంది గానీ సూత్రం మారదు. 2015లో అప్పటి రక్షణమంత్రి మనోహర్ పారికర్ కాలంలో బయటికొచ్చిన లెక్కల ప్రకారం మన సుఖోయ్-30 విమానాల్లో ఏ సమయానికైనా ఎగరడానికి సిద్ధంగా ఉన్నవి సగానికి కాస్త పైమాటే. మిగిలినవి విడిభాగాల కోసమో, మరమ్మతు కోసమో నేల మీద. అంటే కాగితం మీద ఉన్న రెండు విమానాల్లో ఒకటే గగనతలంలో ఉన్న విమానం. తర్వాత పరిస్థితి మెరుగుపడింది. కొత్త విమానాలు కొనడం వల్ల మాత్రమే కాదు, ఉన్నవాటి విడిభాగాలు, మరమ్మతులపై దృష్టి పెట్టడం వల్ల. సైన్యానికి ఇది తెలియని విద్య కాదు. ఫిరంగి గొట్టం ఎన్ని పూర్తి స్థాయి పేల్చివేతలకు సమానంగా అరిగిందో లెక్క రాసే పద్ధతి ఎప్పటినుంచో ఉంది. ఆ లెక్కల పుస్తకం ఫిరంగి దగ్గర ఉన్నంత నమ్మకంగా పోలీసు స్టేషన్ బీరువా దగ్గర, క్రీడా క్లబ్బు దగ్గర ఎందుకు లేదన్నదే నా ప్రశ్న.

క్రీడల్లోనూ సరంజామా మోసం చేస్తే ఏమవుతుందో దేశమంతా చూసింది. 2021 జులైలో టోక్యో ఒలింపిక్స్‌లో మను భాకర్ పిస్టల్ పోటీ మధ్యలో మొరాయించింది. అది గొట్టం లోపం కాదు, యంత్రాంగం లోపం. విలువైన నిమిషాలు పోయాయి. రెండు పాయింట్ల తేడాతో ఫైనల్ చేజారింది. మూడేళ్లకు పారిస్‌లో ఆమె రెండు కాంస్యాలు గెలిచింది. తట్టుకుని నిలిచింది కాబట్టి మనకు తెలిసింది. తట్టుకోలేక మానేసిన పిల్లలు ఎందరో మనకు తెలియదు. మన హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ 2018లో 13 ఏళ్లకే ఎయిర్ పిస్టల్ జాతీయ చాంపియన్ అయింది. హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో 25 మీటర్ల పిస్టల్ జట్టు స్వర్ణంలో భాగమైంది. అలాంటి పిల్లలు జిల్లాకొకరు ఉండొచ్చు. వాళ్ల చేతికి మనం ఇస్తున్నది ఏ గొట్టం?

ఉక్కు నగరం తెలిసిన పాఠం

జంషెడ్‌పూర్‌కు ఈ విషయం ఎవరూ చెప్పనక్కర్లేదు. ఒకప్పటి సాక్చి గ్రామానికి 1919లో వైస్రాయ్ చెమ్స్‌ఫర్డ్ ఈ పేరు పెట్టడానికి కారణం మొదటి ప్రపంచయుద్ధంలో ఇక్కడి ఉక్కు చేసిన సాయం. మెసొపొటేమియా రణరంగానికి రైలు పట్టాలు ఇక్కడినుంచే వెళ్లాయి. 1950 నవంబర్ 26న నెహ్రూ ప్రారంభించిన జాతీయ లోహ పరిశోధనశాల ఈ ఊళ్లోనే ఉంది. లోహం ఎలా అలసిపోతుందో, ఎలా తుప్పు పడుతుందో అక్కడి శాస్త్రజ్ఞులు దశాబ్దాలుగా చదువుతున్నారు. మా నాన్న మిల్లులో పనిచేసినప్పుడు యంత్రం చెడ్డాక బాగుచేయడాన్ని చిన్నతనంగా చూసేవారు. చెడకముందే తేదీ ప్రకారం ఆపి, విప్పి, చూసి, రాసిపెట్టేవారు. నడిచే యంత్రాన్ని ఆపడానికి ధైర్యం కావాలని ఆయన అనేవారు. ఎందుకంటే ఆ రోజు ఉత్పత్తి తగ్గుతుంది, తప్పిన ప్రమాదం మాత్రం ఎవరికీ కనిపించదు. నిర్వహణకు రాజకీయ ఆకర్షణ లేకపోవడానికి కారణం కూడా అదే. జరగని ప్రమాదానికి రిబ్బన్ కత్తిరించలేం.

కొత్త ఆయుధాలు వద్దని నేను అనడం లేదు. అరిగిన గొట్టాన్ని ఎంత తుడిచినా ఒరగదు. మా రెండో పిస్టలే సాక్ష్యం. సరిహద్దులో నిలబడ్డవాడికి పాతది తుడిచి వాడుకో అని చెప్పే హక్కు ఎవరికీ లేదు. నా మాటల్లా ఒకటే. తుడిచి, కొలిచి చూడకముందే ‘కాలం చెల్లింది’ అని రాయకండి. కొన్న మరుసటి రోజు నుంచి దాన్ని ఎవరు చూస్తారో కొనకముందే రాయండి.

చేయగలిగినవి నాలుగు కనిపిస్తున్నాయి. మొదటిది, ప్రతి షూటింగ్ క్లబ్బులో ప్రతి ఆయుధానికీ ఒక చరిత్ర పుస్తకం. పోటీల్లో పాల్గొనే క్లబ్బులకు దాన్ని తప్పనిసరి చేయాలి. రెండోది, పాయింట్ 22 రైఫిల్ మీద తొలి పాఠం నేర్చుకునే ఎన్‌సీసీ క్యాడెట్లకు కాల్చడంతో సమానంగా తుడవడం మీదా మార్కులు. ఆ వయసులో అబ్బిన అలవాటు తర్వాత స్కూటర్‌కు, పంపుసెట్‌కు, ఆసుపత్రి యంత్రానికీ పనికొస్తుంది. మూడోది, ఏటా వానాకాలానికి ముందూ తర్వాతా పోలీసు ఆయుధాగారాల్లో తనిఖీ. మెరుపు చూసే తనిఖీ కాదు, కొన్నింటిని ఎంపిక చేసి కాల్చి చూసే తనిఖీ. నాలుగోది, లైసెన్సున్న ఆయుధ మరమ్మతు నిపుణుల కొరత. తరతరాల చేతిపనివాళ్లు తగ్గిపోతున్నారు. నాలుగేళ్లు సేవచేసి బయటికి వచ్చే అగ్నివీరుల్లో ఈ పని తెలిసినవారికి శిక్షణ పూర్తిచేయించి, ధ్రువపత్రం ఇచ్చి, క్రీడాప్రాధికార సంస్థల్లో, పోలీసు శాఖల్లో చోటిస్తే రెండు సమస్యలకు ఒకే పరిష్కారం. వీటిలో ఏదీ వేల కోట్ల పని కాదు. బహుశా అందుకే ఏదీ జరగడం లేదు.

‘అడుసు తొక్కనేల, కాలు కడగనేల’ అంటారు. మా వృత్తిలో అడుసు తొక్కక తప్పదు. అందుకే కాలు కడగడం కూడా వృత్తిలో భాగమే.

ఆ అమ్మాయి సంగతి చెప్పి ముగిస్తాను. తండ్రి మాన్పించలేదు. పిస్టల్‌ను ఆనించి కాల్చిన రెండు కాగితాలను, తుడవకముందుదీ తుడిచాకదీ, పక్కపక్కన పెట్టి చూపించాను. ఫిట్టర్ కదా, చూడగానే అర్థమైంది. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత కూతురితో, ‘‘నీదేం తప్పు లేదమ్మా’’ అన్నాడు. తన స్కోరు మెల్లగా పెరుగుతోంది. పతకం వస్తుందో రాదో నేను చెప్పలేను. కానీ ఇక మీదట గురి తప్పితే ఎక్కడ వెతకాలో తనకు తెలుసు. ముందు పుస్తకంలో, తర్వాత గొట్టంలో, ఆ తర్వాతే తనలో.

పోయిన విశ్వకర్మ పూజకు మళ్లీ పంతులుగారు వచ్చారు. ఎర్రగుడ్డ పరిచాం. ఆ అమ్మాయి పిస్టల్‌ను తుడిచి, ఖాళీ అని చూపించి, పెట్టెలో పెట్టి మూత వేసింది. ‘‘పంతులుగారూ, బొట్టు పెట్టె మీద పెట్టండి’’ అంది. ఆయన నవ్వి అలాగే పెట్టారు. పక్కనే చరిత్ర పుస్తకం ఉంది. దాని మీద కూడా ఒక బొట్టు పెట్టించాను.

(రచయిత విశ్రాంత సైనికాధికారి)